ఖాళీ జెరికాన్ల లెక్క

ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చాక మా ఊరి రచ్చబండ దగ్గర నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "యుద్ధం చేశావా?" అని. "లేదు పెదనాన్నా, పిండి మోశాను" అన్నాను. ఆయన ముఖంలో నిరాశ ఇప్పటికీ గుర్తుంది. మాది గిద్దలూరు వైపు పల్లె. వీధికి నలుగురు మాజీ సైనికులు ఉంటారు. ఫిరంగి దళం వాళ్లు, పదాతి దళం వాళ్లు కూర్చుని కబుర్లు చెబుతుంటే నేను టీ గ్లాసు పట్టుకుని ఓ మూల వినేవాణ్ణి.

నాది ఆర్మీ సర్వీస్ కోర్. 1760 డిసెంబరు 8న మొదలైందని లెక్క. ఏటా ఆ రోజు మా పండుగ. "సేవా అస్మాకం ధర్మః" అన్నది మా ధ్యేయవాక్యం. సైన్యానికి తిండి, ఇంధనం, వాటిని చేర్చే లారీలు, కంచరగాడిదలు మా బాధ్యత. తూటాలు, బట్టలు, విడిభాగాలు ఆర్డినెన్స్ కోర్ చూస్తుంది, దాని కేంద్రం మన సికింద్రాబాదులోనే ఉంది. బండి మొరాయిస్తే చూసేది మరమ్మతు దళం, ఈఎంఈ వాళ్లు. ముగ్గురం మూడు వైపుల నుంచి లాగితేనే కొండ మీద కాపలా ఉన్నవాడికి రెండు పూటలా అన్నం, తుపాకీలో తూటా ఉంటాయి.

బెంగళూరులో ఒక ప్రమోషన్ కోర్సులో మా ఉస్తాద్ బోర్డు మీద ఐదు మాటలు రాశారు: ముందుచూపు, పొదుపు, సరళత, వెసులుబాటు, సహకారం. సరఫరా పనికి ఇవే మూలసూత్రాలన్నారు. రాత్రి దీపం కింద కూర్చుని బట్టీ పట్టి, పొద్దున పరీక్షలో రాసి, మధ్యాహ్నానికి మరిచిపోయాను. వాటి అర్థం తెలిసింది 2006లో. కార్గిల్ పైన ఒక కొండ అంచున, ఒక మరుగుదొడ్డి ముందు నిలబడినప్పుడు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మైదానం నుంచి నాకు లద్దాఖ్‌కు బదిలీ అయింది. నాయక్ హోదా, లారీ డ్రైవరు పని. అక్కడి పని గురించి కాస్త చెప్పాలి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారి 420 కిలోమీటర్ల పైచిలుకు. సోనమార్గ్ దాటాక జోజీ లా కనుమ, ఎత్తు 11,575 అడుగులు. ఆ దారిలో ఇంతకన్నా ఎత్తయిన కనుమలు ఉన్నాయి. ఫోటూ లా 13,000 అడుగులు దాటుతుంది. అయినా దారిని మూసేది జోజీ లాయే, ఎందుకంటే మంచు అక్కడే కుప్పలుగా పడుతుంది. ఆ రోజుల్లో నవంబరు, డిసెంబరుల్లో మూసుకుంటే మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనే తెరుచుకునేది. మనాలీ వైపు దారి తెరిచి ఉండేది ఇంకా తక్కువ కాలం. ఇక మిగిలేది విమానం. విమానంలో పిండి మోస్తే ఆ పిండి బంగారమే.

కాబట్టి చలికాలమంతటికీ కావలసినవి వేసవిలోనే పైకి చేర్చి పెట్టాలి. కాగితాల్లో దీన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. నాకు అర్థమైంది మాత్రం మా అమ్మ భాషలో. ఎండాకాలం రాగానే ఆమె ఏడాదికి సరిపడా చింతపండు, కందిపప్పు, ఆవకాయ, వడియాలు సర్దేది. జాడీలు ఎండబెట్టడం, గుడ్డ కట్టడం, పాత పప్పు ముందు వాడి కొత్తది వెనక పెట్టడం, అన్నీ ఇక్కడా ఉన్నాయి. ఒక్కటే తేడా. మా ఇంట్లో ఉప్పు అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లవచ్చు.

మా సుబేదార్ సాబ్‌ది కాంగ్రా. సన్నగా, మాట పొదుపుగా ఉండేవారు. మేలో మా జట్టును కూర్చోబెట్టి గోడ క్యాలెండరు తీసి నవంబరు పుట దగ్గర తెరిచారు. "ఇక్కడి నుంచి వెనక్కి చదవండి" అన్నారు. మూసుకునే రోజు మనకు తెలియదు, పదిహేను రోజులు ముందే అనుకోవాలి. పై కాపలా పోస్టుల దారులు అంతకన్నా ముందు మూసుకుంటాయి, ఇంకో నెల తీసేయాలి. కొండచరియలు విరిగే రోజులు, బండ్లు చెడే రోజులు, అమర్‌నాథ్ యాత్ర వల్ల బాల్తాల్ దగ్గర దారి కిక్కిరిసే రోజులు తీసేయాలి. ఆయన పెన్సిలుతో కొట్టేస్తూ పోతే, చేతిలో ఆరు నెలలు ఉన్నాయనుకున్న మాకు చివరికి మిగిలింది నూరు రోజులు.

పైకి వెళ్లగానే పని మొదలు పెట్టనివ్వరు. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలి. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా ఇంకో నాలుగు, ఆపైన మరో నాలుగు. మొదటి రెండు రోజులు పడుకుని లేవడమే పని. చెప్పిన మాట వినకుండా పరుగెత్తిన కుర్రవాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరి స్ట్రెచరు మీద దిగిన సంగతి ప్రతి బ్యాచికీ చెబుతారు. నాకు ఆ ఆరు రోజులూ తలనొప్పి, అన్నం మీద అయిష్టం. ఎంత సరుకు చేర్చినా నోరు ఒప్పుకోకపోతే లాభం లేదని అప్పుడే తెలిసింది. పైవాళ్లకు బాదం, చాక్లెట్, రకరకాల డబ్బా కూరలు పంపుతుంటే కింద కూర్చున్నవాడికి విలాసంలా కనిపిస్తుంది. 14,000 అడుగుల దగ్గర నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే పప్పు పలుకుగానే ఉంటుంది. పలుకు పప్పు వారం రోజులు తినిచూస్తే ఎవరూ విలాసం మాట ఎత్తరు.

లారీలో సరుకు ఎక్కించడం నాకు తెలిసిన పనే అనుకున్నాను. అశోక్ లేలాండ్ స్టాలియన్, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. డ్రైవరుకు దాని మీద మోజు ఉంటుంది. రెండో ట్రిప్పులోనే ఆ మోజు నన్ను తినేసింది. ముందురోజు నా బండిలో కిరసనాయిలు పీపాలు వెళ్లాయి. ఒక పీపా మూత దగ్గర కారింది. నేను అడుగంతా నీళ్లు పోసి కడిగి, ఎండబెట్టి, ముక్కు పెట్టి చూశాను. వాసన లేదనిపించింది. పొద్దున పిండి బస్తాలు ఎక్కించారు. మూడు రోజుల ప్రయాణం, పైన టార్పాలిన్, లోపల ఉక్క. దించేటప్పుడు అక్కడి డిపో హవల్దారు బస్తాలో చెయ్యి పెట్టి, వేళ్లు వాసన చూసి, ఏమీ అనకుండా నా వైపు చాచాడు. అడుగు వరుస మొత్తం పక్కన పెట్టేశారు. విచారణ జరిగింది, తప్పు నాది, ఒప్పుకున్నాను. ఆ తరువాత నా బండి నూనెకు వెళ్తే నూనెకే. ఎవరు తొందరపెట్టినా వినలేదు.

డబ్బాల పరీక్ష కూడా అక్కడే నేర్చుకున్నాను. చూపుడు వేలి కణుపుతో మూత మీద కొట్టాలి. మంచి డబ్బా 'టక్' అంటుంది. లోపల పాడై వాయువు చేరినది బోలుగా మోగుతుంది, మూత కాస్త ఉబ్బి ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి లేస్తుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ పెట్టె మొత్తం, ఆ తేదీ సరుకు మొత్తం తిరిగి చూడాలి. జనవరిలో తెరిచాక పాడైందని తెలిస్తే మార్చి ఇచ్చే దుకాణం లేదు.

బండి సర్దడంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు బరువు చూడటం, వరుస చూడకపోవడం. ఎక్కడ ముందు దించాలో అది చివర ఎక్కాలి. ద్రాస్‌లో దించాల్సిన నాలుగు పెట్టెలు కార్గిల్ బస్తాల కింద ఉంటే, ఆ ఎత్తులో, ఆ గాలిలో, ఇద్దరు మనుషులు బండి మొత్తం దించి మళ్లీ ఎక్కించాలి. కింద అరగంట ఆలోచిస్తే పైన అర పూట మిగులుతుంది.

జోజీ లా గురించి చెప్పకుండా పోలేను. తెల్లవారుజామున నాలుగింటికి లంగరులో, అంటే మా వంటశాలలో, టీ, పూరీలు. కాన్వాయ్ కమాండరు జిప్సీ ముందు, మా బండ్లు మధ్యలో, చివర మరమ్మతు వాళ్లతో రికవరీ బండి. ఒక పూట పైకి వెళ్లే వాహనాలే, ఇంకో పూట దిగేవే. మేలో రెండు పక్కలా మంచు గోడలు, వాటి మధ్య బురద కాలువలాంటి దారి. చక్రాలకు గొలుసులు కట్టి, మొదటి గేరులో, ముందున్న బండి జారినా మన మీదికి రానంత ఎడం పెట్టి పోవాలి. లోయవైపు చూడకూడదని పాతవాళ్లు చెబుతారు. చూశాను. కింద బాల్తాల్ గుడారాలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. తరువాత చూడలేదు.

ఈ దారికి మనవాళ్లతో పాత సంబంధం ఉంది. 1948లో జోజీ లా శత్రువు చేతిలో ఉన్నప్పుడు జనరల్ తిమ్మయ్య అంత ఎత్తుకు స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కించి నవంబరు 1న కనుమ గెలిచారు. అందరికీ గుర్తుండేది ట్యాంకులే. ఆ ట్యాంకులు నడిచేలా బాల్తాల్ నుంచి బాట వెడల్పు చేసింది మద్రాసు సాపర్లు, అంటే సైన్యంలో బాటలు, వంతెనలు వేసే ఇంజనీరు దళం. ఆ పటాలంలో మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. మా రచ్చబండ మీద ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం నా మాట కాస్త శ్రద్ధగా విన్నారు.

ద్రాస్ దాటాక ఉస్తాద్ ఒకాయన శిఖరాలు చూపించి 1999లో ఈ రోడ్డు మీద లైట్లు ఆర్పుకుని ఎలా నడిపారో చెప్పేవారు. శత్రువు ఆ శిఖరాలు ఎక్కింది ఈ రోడ్డు కోసమే. గుండు బండి మీద పడితే పోయేది ఒక బండి, రోడ్డు ఆగితే లేహ్ దాకా అందరి పొయ్యీ ఆరుతుంది.

జులైలో నా మోకాలు వాచింది. ఆరు వారాలు బండి ఎక్కవద్దన్నారు డాక్టరు. ఖాళీగా కూర్చోబెట్టరు కదా, రోడ్డు అంతమయ్యే చోట, కంచరగాడిదల లోడింగ్ పాయింటులో లెక్కల పనికి వేశారు. నా కథ అసలు అక్కడ మొదలవుతుంది.

లారీ వెళ్లలేని చోటికి కంచరగాడిద వెళ్తుంది, అది వెళ్లలేని చోటికి లద్దాఖీ పోర్టరు, అతనూ వెళ్లలేకపోతే హెలికాప్టరు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది, మోతకూలి పెరుగుతుంది. కంచరగాడిద మీద 70 కిలోల పైచిలుకు వేస్తాం. జెరికాన్ అంటే నూనె పోసే ఇనుప డబ్బా, 20 లీటర్లది నిండితే ఇంచుమించు 20 కిలోలు. రెండు పక్కలా చెరొకటి, వీపు మీద మధ్యలో ఒక డబ్బాల పెట్టె. రెండు పక్కలా బరువు సమంగా లేకపోతే జీను ఒరుసుకుని పుండు పడుతుంది. పుండు పడిన గాడిదకు మూడు వారాల సెలవు. సాయంత్రం దిగి వచ్చాక దాని వీపు చూసి, నీళ్లు పెట్టి, దాణా వేశాకే దాన్ని తోలేవాడు తన పళ్లెం అందుకుంటాడు. ఈ నియమం ఎవరూ తప్పడం నేను చూడలేదు. 1971 యుద్ధంలో శత్రువుకు చిక్కి, వీపు మీది మెషిన్‌గన్‌తో, తూటాలతో సహా తప్పించుకుని నడిచి వచ్చిన పెడోంగీ అనే కంచరగాడిద కథ అక్కడ ప్రతివాడికీ వచ్చు. అక్కడ దాన్ని సైనికుడిగానే చెప్పుకుంటారు.

లెక్క ఇలా ఉండేది. అసలు అంకెలు రాయకూడదు, కాస్త మార్చి చెబుతున్నాను. మా దారి మీద పైన మూడు పోస్టులు. ఒక పోస్టుకు బుఖారీకి, వంటకు కలిపి రోజుకు ఒక జెరికాన్ కిరసనాయిలు అనుకుందాం. బుఖారీ అంటే గదిని వేడి చేసే ఇనుప పొయ్యి, పొగ పోవడానికి పైన గొట్టం. దారి మూసుకునేది 180 రోజులు, అంటే 180 జెరికాన్లు. గాడిదకు రెండు చొప్పున తొంభై మోతలు. ఇరవై గాడిదలు రోజుకు ఒకసారి ఎక్కితే ఐదు రోజులు. ఒక్క పోస్టుకు, ఒక్క నూనెకే ఐదు రోజులు. ఇంకా పిండి, బియ్యం, పప్పు, డబ్బాలు, మందులు, తూటాలు ఉన్నాయి. వాన పడిన రోజు బాట మూత.

నూనె పీపాలలో వస్తుంది. మేము జెరికాన్లలో పోసి పైకి పంపాలి. పైన వాళ్లు తమ పీపాలలో ఒంపుకుని ఖాళీ జెరికాన్లు దించాలి. మా దారికి ఇచ్చిన జెరికాన్లు 120. నేను పని అందుకున్న వారం 120 పైకి వెళ్లాయి, 87 తిరిగి వచ్చాయి. దారిలో ఉన్నాయేమో, రేపు వస్తాయిలే అనుకున్నాను. తరువాతి విడతకు ఆ 87 వెళ్లాయి, వచ్చినవి 61. ఆపై 61కి 44. నాలుగో విడత రోజు పొద్దున గాడిదలు వరుసగా నిలబడి ఉన్నాయి, పీపాల నిండా నూనె ఉంది, పోయడానికి డబ్బాలు లేవు. సగం గాడిదలకు ఏదో దొరికిన సరుకు కట్టి పంపాను. లెడ్జరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నూనె నిల్వ పూర్తి, బండ్లు సమయానికి, లోటు లేదు. ఖాళీ డబ్బాలకు ఆ లెడ్జరులో గడి లేదు.

ఇంకో 120 కావాలని ఇండెంటు రాసి సుబేదార్ సాబ్ ముందు పెట్టాను. ఆయన సంతకం పెట్టలేదు. "ఇవి వచ్చే బండి సగం గాలిని మోసుకొస్తుంది. ఆ సగంలో రావలసిన పప్పు ఎవరిని అడగమంటావు? ఉన్నవి ఎక్కడున్నాయో ముందు చూసి రా" అన్నారు. అప్పటికి మోకాలు కుదుటపడింది. ఆగస్టులో ఒక పొద్దున కర్ర పట్టుకుని గాడిదల వెనక బయల్దేరాను.

ఐదు గంటల నడక. చివరి గంట పది అడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాను, గాడిద మాత్రం ఆగలేదు. పోస్టు అంటే రాళ్ల గోడల మధ్య మూడు బంకర్లు, వాటికి పొగగొట్టాలు. అక్కడి హవల్దారు గఢ్వాలీ మనిషి, ఇనుప మగ్గులో టీ ఇచ్చాడు. తాగుతూ చూస్తే ఎదురుగా నా డబ్బాలు. ఒకదాని మీద ఒకటి మూడు వరుసలు, లోపల మట్టి, రాళ్లు కూరి, మధ్యలో సందులు లేకుండా పేర్చిన చక్కటి గోడ. గోడ వెనక మరుగుదొడ్డి. ఇంకో చిన్న గోడ లంగరు వాకిలికి అడ్డంగా.

నాకు కోపం వచ్చింది. "ఇవి గోడలు కట్టుకోవడానికి పంపామా అన్నా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "ఆ వైపు వెళ్లి ఒక్క నిమిషం నిలబడు" అని గోడ లేని అంచు చూపించాడు. వెళ్లాను. ఆగస్టు నెల, ఎండ కాస్తోంది, అయినా ఆ అంచున గాలి కోటులోంచి దూసుకుపోయి పళ్లు కదిలించింది. గోడ ఈవలికి వచ్చాను. గాలి లేదు. "జనవరిలో రాత్రిపూట ఇక్కడికి రావాలి మా పిల్లలు" అన్నాడు. "రాళ్లు పేర్చాం, గాలికి సందుల్లోంచి వస్తుంది. ఇసుక సంచులు అడిగి రెండు నెలలైంది." నేను టీ మగ్గు అక్కడ పెట్టి గోడ పొడవునా నడిచి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మిగతా రెండు పోస్టుల్లోనూ ఇదే కథ అని చెప్పక్కర్లేదు.

కిందికి దిగి చెప్పాను. నాకు తోచిన ఉపాయం కూడా చెప్పాను: ఖాళీది దించితేనే నిండినది పంపుదాం. సుబేదార్ సాబ్ ఒప్పుకోలేదు. "చలితో పందెం కాయకు. వాళ్లు పంతానికి పోతే నష్టపోయేది నువ్వు కాదు, కొండ మీద పడుకునే కుర్రాళ్లు" అన్నారు. ఆయనే ఇంజనీరు వాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లి, ఇండెంటు ఏ బల్ల మీద ఆగిందో చూసి, 400 ఖాళీ ఇసుక సంచులు జీపు వెనక వేసుకొచ్చారు. ఖాళీ సంచుల బరువెంత, నాలుగు గాడిదల మోత. నిండిన జెరికాన్లతోపాటు, ఏ షరతూ లేకుండా పంపాం. నేను ఒక చీటీ మాత్రం రాసి పెట్టాను: "అన్నా, గోడకు సంచులు, నూనెకు డబ్బాలు."

మొదటి వారం తొమ్మిది వచ్చాయి. రెండో వారం నలభై. కొన్ని సొట్టలు పోయి, కొన్నిటిలో రాళ్లు అలాగే ఉండి గాడిద నడిచినంత సేపూ గలగలమంటూ. దించుకుని, రాళ్లు దులిపి, లోపల వేడి నీళ్లతో కడిగి, వెలుతురుకు పట్టి చూసి తుప్పు లేనివి వాడుకలోకి వేశాం. ఆ రోజు నుంచి లెడ్జరులో నేనే స్కేలుతో ఒక గడి గీశాను, 'తిరిగి వచ్చినవి' అని. ఇంకొకటి కూడా అప్పుడే గమనించాం. గాడిదలు ఎలాగూ ఖాళీగా దిగుతున్నాయి. చెడిపోయిన స్టవ్వులు, చినిగిన గుడారాలు, ఉత్తరాలు, బాగుచేయాల్సిన వైర్‌లెస్ బ్యాటరీలు, అన్నీ ఆ దిగే వీపుల మీద వేశాం. సెలవు మీద వెళ్లే కుర్రవాడి పెట్టె కూడా. అంతకుముందు అతను దాన్ని తల మీద మోసుకుని దిగేవాడు.

ఆ స్టవ్వుల సంగతి ఒకటి. సెప్టెంబరులో ఒకే పోస్టు నుంచి ఆరు స్టవ్వులు వచ్చాయి. విప్పి చూస్తే దేనికీ ఏ రోగమూ లేదు, నాజిల్ మూసుకుపోయింది, అంతే. మన ఇళ్లలో పంపు స్టవ్వు ఉన్న రోజుల్లో అమ్మలు పిన్ను పెట్టి పొడిచేవాళ్లు కదా, ఆ పిన్ను. చలికాలానికి సరిపడా నూనె చేర్చాం, స్టవ్వులు చేర్చాం, అర రూపాయి పిన్నుల పొట్లం మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు. కార్గిల్ బజారులో ఒక దుకాణం ఖాళీ చేసి కొన్నాం. డబ్బు సుబేదార్ సాబ్ జేబులోంచి. తరువాత వచ్చిందో లేదో నేను అడగలేదు.

అక్టోబరు వచ్చేసరికి పొద్దున బండ్లు కదలడం మానేశాయి. మామూలు డీజిల్ చలికి చిక్కబడి గొట్టాల్లో ఆగిపోతుంది. రాత్రి బ్యాటరీలు విప్పి గదిలో పెట్టుకునేవాళ్లం, పొద్దున ఇంజను అడుగున బ్లోల్యాంపు, అంటే మంట చిమ్మే దీపం, పెట్టి వెచ్చబెట్టేవాళ్లం. 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ లద్దాఖ్‌కు తెచ్చింది. మా పిన్ని కొడుకు ఇప్పుడు అదే దారిలో డ్రైవరు. 2020లో గల్వాన్ తరువాత వేల మందికి అదనంగా చలికాలపు నిల్వ చేర్చినప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. బ్లోల్యాంపు మాట చెబితే తాతయ్య కథ విన్నట్టు నవ్వాడు. 2025 జనవరిలో సోనమార్గ్ సొరంగం తెరిచారు. జోజీ లా కిందుగా 13 కిలోమీటర్ల సొరంగాన్ని మన హైదరాబాదు కంపెనీ మేఘా తవ్వుతోంది. అది తెరిస్తే నవంబరు పుట నుంచి వెనక్కి చదివే క్యాలెండరు పని తగ్గుతుంది. కొండ పైన చివరి ఐదు గంటల బాట మాత్రం అలాగే ఉంటుంది, గాడిదలకూ వాటి వీపులకూ.

నవంబరు మొదటి వారంలో పై బాట మూసుకునే ముందు చివరి లెక్క తీశాం. నూనె పైన సరిపడా ఉంది, పిండి ఉంది, పిన్నులు పదేళ్లకు సరిపోతాయి. జెరికాన్లు 120కి 112 కింద ఉన్నాయి. ఎనిమిది తక్కువ. గఢ్వాలీ హవల్దారును వైర్‌లెస్‌లో అడిగితే, మరుగుదొడ్డి గోడకు కింది వరుస అవేననీ, తీస్తే పైనున్న సంచులన్నీ కూలుతాయనీ చెప్పాడు. పోయినవిగా రాస్తే ఎవరో ఒకరి జీతంలో కోత పడాలి. నేను కలం పట్టుకుని ఆగాను. సుబేదార్ సాబ్ లెడ్జరు తన వైపు తిప్పుకుని, నేను గీసిన గడి పక్కన 'శీతాకాలానికి పైన ఉంచినవి: 8' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.